ఒట్టుతో వదలని వ్యసనం

శివరాత్రి జాగారం నాడు పేకముక్కలు బయటికి తీయని తెలుగు ఇల్లు అరుదు. మనలో కొందరి పెద్దలు నెల్లూరునుండో, కడపనుండో, పాలమూరునుండో బయలుదేరి బెంగుళూరులో, చెన్నపట్నంలో, షోలాపురంలో స్థిరపడ్డారు. బరంపురం, యానాం వారు కదలలేదు. వారి చుట్టూ సరిహద్దులే కదిలాయి. ఎక్కడ ఉన్నా భాషతోబాటు, ఆవకాయ జాడీతోబాటు ఈ సరదా కూడా మన వెంట ఉంటూనే ఉన్నది. చింతగింజలు పందెం కాసి తెల్లవార్లూ ఆడుకొని, పొద్దున్నే తలస్నానం చేసి గుడికి వెళ్లేవారిని మేము తప్పు పట్టము. ఈ వ్యాసం ఆ ఆటను గూర్చి కాదు. చింతగింజల స్థానంలోకి జీతం, జీతం స్థానంలోకి అప్పు, అప్పు తీర్చడానికి ఇల్లాలి మెడలోని గొలుసు వచ్చినప్పుడు ఆ ఇంటివారు ఏమి చేయాలన్నదాన్ని గూర్చి.

ఈ సంగతి వ్రాయడానికి మాకొక కారణం ఉన్నది. దాన్ని దాచకుండా మొదటే చెబుతాము.

బెంగుళూరులో మూడు తరాలుగా ఉంటున్న ఒక కుటుంబం. పేర్లు వ్రాయము, ఆనవాళ్లు కూడా కొంత మార్చాము. తండ్రిగారు ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. ఒక్కడే కొడుకు, మంచి జీతం. 2020లో అందరూ ఇళ్లలో కూర్చున్న రోజుల్లో ఆ అబ్బాయి సెల్‌ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడటం మొదలుపెట్టాడు. మొదటి వారంలోనే నాలుగువేలు గెలిచి ఇంటికి మిఠాయి తెచ్చాడు. ఆ సంవత్సరం ముగిసేలోగా రెండు లక్షలకు పైగా అప్పు బయటపడింది. తండ్రి కట్టారు. కొండకు తీసుకువెళ్లి స్వామి ఎదుట ప్రమాణం చేయించారు. ఆరు నెలలు గడిచాయి. ఈసారి అయిదు లక్షలు. తల్లి తన కాసులపేరు తాకట్టు పెట్టింది. మళ్లీ ప్రమాణం, మళ్లీ కన్నీళ్లు.

అప్పుడు సంఘంలోని పెద్దలం నలుగురం కూర్చొని ఒక సలహా చెప్పాము. "పెళ్లి చేసేయండి. బాధ్యత మీద పడితే వాడే కుదురుతాడు." ఆ నలుగురిలో ఇది వ్రాస్తున్న మేమూ ఉన్నాము. రాజమహేంద్రవరం దగ్గరి పల్లెనుండి సంబంధం కుదిర్చిందీ మేమే. పిల్లవారికి మాత్రం ఈ మాట చెప్పలేదు.

పెళ్లయిన ఎనిమిదో నెలలో ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. "మీకు ముందే తెలుసునటగదా, బాబాయిగారూ?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. చేయగలిగిందల్లా, మరో ఇంట్లో ఎవరూ మా వంటి సలహా ఇవ్వకుండా ఉండేందుకు, ఆ తరువాత వైద్యులవల్లా పుస్తకాలవల్లా తెలుసుకున్నది చదువరుల ముందు పెట్టడమే.

జబ్బు అని ఎందుకంటున్నాము

మన పూర్వులు జూదాన్ని సప్తవ్యసనాలలో చేర్చారు. వ్యసనమన్న మాటకు ఆపద అనే అర్థం కూడా ఉన్నది. వైద్యశాస్త్రం ఆ మాటకు చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ రోగ నిర్ణయ గ్రంథంలో దీన్ని చేర్చింది 1980లో. అప్పట్లో దీన్ని మనోనిగ్రహం లేని జబ్బుల వరుసలో పెట్టారు. 2013లో వచ్చిన అయిదవ కూర్పులో మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల ప్రక్కకు మార్చారు. మనిషి ఏ పదార్థమూ పుచ్చుకోకపోయినా, మెదడులో జరిగేది తాగుబోతు విషయంలో జరిగేదాన్ని చాలావరకు పోలి ఉన్నదని తేలింది గనుక. 2022 నుండి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలోనూ ఇది వ్యసనమే.

ఆ గ్రంథం తొమ్మిది లక్షణాలు చెబుతుంది. పందెపు మొత్తం పెంచుకుంటూ పోవడం, మానబోతే చిరాకు, స్థిమితం లేకపోవడం, మానాలని పలుమార్లు ప్రయత్నించి ఓడిపోవడం, ఎప్పుడూ అదే ధ్యాస, మనసు బాగాలేనప్పుడల్లా ఆటవైపు పరుగెత్తడం, పోయినదాన్ని రాబట్టాలని మర్నాడు మళ్లీ వెళ్లడం, అబద్ధాలాడటం, ఉద్యోగమో చదువో అనుబంధమో చెడిపోవడం, గండం గడవడానికి ఇతరుల డబ్బుమీద ఆధారపడటం. పన్నెండు నెలల కాలంలో వీటిలో నాలుగు కనబడితే జబ్బు ఉన్నట్లే లెక్క.

ఇంత పట్టిక అక్కరలేకుండా మొదటి అనుమానం తీర్చుకోవడానికి వైద్యులు రెండే ప్రశ్నలు అడుగుతారు. "ఎంత ఆడుతున్నావో నీకు కావలసినవారి దగ్గర అబద్ధం చెప్పవలసి వచ్చిందా? పందెం మొత్తం పెంచుతూ పోవాలనిపించిందా?" రెంటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, వైద్యుణ్ణి చూడటం మంచిది.

ఒక ముఖ్యమైన సంగతి. మన ఇళ్లలోని వృద్ధులకు పార్కిన్‌సన్ వణుకుడు జబ్బుకు ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులవల్ల, జన్మలో పేకముట్టని మనిషికి కూడా హఠాత్తుగా జూదపు పిచ్చి పట్టడం వైద్యులు గమనించిన విషయం. అట్టి మార్పు కనిపిస్తే సిగ్గుపడి దాచక, మందు వ్రాసిన డాక్టరుకు వెంటనే చెప్పాలి. తమంతట తాము మందు ఆపరాదు.

ఒట్టు ఎందుకు నిలవదు

కొండమీద చేసిన ప్రమాణం ఆ అబ్బాయి మోసంతో చేసినది కాదు. ఆ క్షణాన నిజంగానే చేశాడు. అయినా నిలవలేదు. ఎందుకని?

స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పావురాలతో చాలా ప్రయోగాలు చేశాడు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ వస్తే, గింజలు ఆగిపోగానే పావురం కొంతసేపటికి పొడవడం మానుకుంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియకుండా, ఒకసారి మూడు పోట్లకూ మరొకసారి ముప్పై పోట్లకూ వస్తే మాత్రం, గింజలు ఆగినా అది ఎంతోసేపు పొడుస్తూనే ఉంటుంది. జూదం బిగింపు సరిగ్గా అదే. ఎప్పుడో ఒకప్పుడు వచ్చే గెలుపు, మనిషిని ఎప్పుడూ వచ్చే గెలుపుకంటె గట్టిగా కట్టివేస్తుంది. పైగా ఒక్క ముక్కలో ఆట పోయినప్పుడు, "ఓడిపోయాను" అని అనిపించదు. "గెలవబోయాను" అని అనిపిస్తుంది. మెదడు కూడా ఆ తృటిలో తప్పిన గెలుపును సగం గెలుపుగానే స్వీకరిస్తున్నదని పరీక్షలలో తేలింది.

దీనికి తోడు లెక్క తెలియకపోవడం ఒకటి. 1913 ఆగస్టు 18న మాంటీకార్లో జూదశాలలో తిరిగే చక్రంమీద వరుసగా ఇరవైఆరు సార్లు నలుపే పడింది. "ఇన్నిసార్లు నలుపు వచ్చింది గనుక ఇక ఎరుపు రాక తప్పదు" అని ప్రతిసారీ ఎరుపుమీద డబ్బు గుమ్మరించినవారు లక్షలు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదు. వెనుక ఏమి పడ్డదో దానికి తెలియదు. మట్కా అంకెల కాగితాలు ముందేసుకొని నిన్నటి అంకెలనుబట్టి నేటి అంకెను పట్టాలని చూసేవారిదీ ఇదే పొరపాటు. ఆ అబ్బాయికి ఇంజనీరింగు పట్టా ఉన్నది. లెక్కలలో ఎప్పుడూ మంచి మార్కులే. ఆట ముందు కూర్చున్నప్పుడు ఆ లెక్క ఒక్కటీ గుర్తుకు రాలేదని తరువాత తానే చెప్పాడు.

మన నలోపాఖ్యానం ఈ సందర్భాన తలచుకోదగినది. నలుణ్ణి కలి పట్టినప్పుడు మంత్రులు చెప్పినా, పురజనులు చెప్పినా, దమయంతి వేడుకొన్నా ఆగలేదు. కలి వదిలినది ఎప్పుడు? ఋతుపర్ణుడివల్ల అక్షహృదయం, అనగా పాచికల అసలు మర్మం, నేర్చుకున్నప్పుడు. నేటి చికిత్సలో ముఖ్యమైనది కూడా అటువంటిదే. తరువాత నలుడు మళ్లీ పందెం కాసి రాజ్యం గెలుచుకున్నాడు గదా అని ఎవరైనా అడిగితే, కథలోని ఆ భాగం మాత్రం మనకు అనుసరణీయం కాదని మా మనవి.

చికిత్స ఎట్లా జరుగుతుంది

మొదటి మెట్టు సంభాషణ. "నీకు బుద్ధి లేదు, ఇల్లు ముంచావు" అని వైద్యుడు అనడు. అన్నవారు ఇంటినిండా ఉన్నారు; దానివల్ల అబద్ధాలు పెరిగాయే గాని ఆట తగ్గలేదు. "ఆటవల్ల నీకు ఏమి దొరుకుతున్నది? ఏమి పోతున్నది? అయిదేళ్ల తరువాత నీ ఇల్లు ఎట్లా ఉండాలని కోరుకుంటున్నావు?" అని అడిగి, మానవలసిన కారణాన్ని రోగి నోటనే పలికిస్తాడు. మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో తాగుడు మాన్పించడానికి తొలుత వివరించిన పద్ధతి ఇది. తరువాత రోల్నిక్ తో కలిసి దాన్ని వృద్ధి చేశాడు. జూదానికీ ఇది పనిచేస్తున్నది.

రెండవది, ఆలోచనను, నడతను సరిదిద్దే చికిత్స. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. జూదానికి ఎక్కువ ఆధారాలున్న చికిత్స ఇదే. సాధారణంగా వారానికొకసారి చొప్పున ఎనిమిది నుండి పన్నెండు వారాలు సాగుతుంది. రోగి ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఆడాలనిపించిన ప్రతిసారీ సమయం, చోటు, అప్పటి మనఃస్థితి, చేతిలో ఉన్న డబ్బు వ్రాసుకోవాలి. రెండు వారాలకు దారి కనిపిస్తుంది. మా అబ్బాయి పుస్తకంలో తేలింది ఇది: జీతం వచ్చిన రోజు, పై అధికారి మందలించిన రోజు, రాత్రి పదకొండు దాటి నిద్రపట్టని వేళ. ఆ మూడు వేళలకూ వేరే ఏర్పాటు ముందే చేసుకున్నాడు. "పోయింది ఈరోజు వస్తుంది" అన్న ఆలోచన వచ్చినప్పుడు దాన్ని కాగితంమీద పెట్టి, అది నిజమేనా అని తానే అడ్డుప్రశ్నలు వేయడం నేర్చుకున్నాడు. ఆ కోరిక అల వంటిదనీ, లేచినది లేచినట్లే ఉండదనీ, లొంగకుండా కొంతసేపు ఆగితే దానంతట అదే విరుగుతుందనీ అనుభవంలో తెలుసుకున్నాడు.

మూడవది, డబ్బుకూ చేతికీ మధ్య గోడ కట్టడం. జీతం భార్య ఖాతాకు లేదా ఇద్దరి సంతకం కావలసిన ఖాతాకు పోవాలి. అప్పు కార్డులు రద్దు చేయాలి. ఫోనులోని ఆటలు తీసివేయడమే గాక, అటువంటివి తిరిగి చేరకుండా అడ్డుకట్ట పెట్టాలి. ఇది శిక్ష కాదు. విరిగిన కాలికి కట్టే కట్టు వంటిది. కాలు కుదిరేదాకా అవసరం.

నాలుగవది, తోటివారి తోడు. 1957లో లాస్ ఏంజెలెస్ నగరంలో కొందరు జూదరులు తమలో తాము కూడి గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే సంఘం పెట్టుకున్నారు. తాగుడు మానినవారి సంఘం పద్ధతిలోనే పన్నెండు మెట్లు. నేడది పలు దేశాలలో ఉన్నది. పేరు చెప్పనక్కరలేదు, రుసుము లేదు. "నేను కూడా అట్లాగే చేశాను" అని ఎదుటివాడు చెప్పినప్పుడు కలిగే ధైర్యం, ఉపన్యాసంవల్ల కలగదు.

ఇక మందుల మాట. జూదం మాన్పించే ప్రత్యేకమైన మాత్ర అంటూ లేదు. తాగుడుకూ నల్లమందు జాతి వ్యసనాలకూ వాడే నాల్ట్రెక్సోన్ అనే మందు, ఆడాలన్న ఆరాటాన్ని కొందరిలో తగ్గిస్తున్నదని పరీక్షలలో కనబడింది. బ్రిటనులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన సూచనలలో కూడా, ముందు పైన చెప్పిన మానసిక చికిత్సలు, అవి చాలనప్పుడు ఈ మందును ఆలోచించవచ్చునన్నది. కాలేయం పరీక్ష వంటి జాగ్రత్తలున్నాయి గనుక ఇది వైద్యుడి చేతిలోని పని. ఒకరి చీటీ చూసి మరొకరు కొనుక్కునేది కాదు.

జూదంతోబాటు మనోవ్యాకులత గాని, తాగుడు గాని ఉంటే వాటికీ కలిపి చికిత్స చేయాలి. ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. అప్పులు బయటపడిన రాత్రి చాలా ప్రమాదకరమైనది. జూదరులలో ఆత్మహత్యలు ఎక్కువ. "నేను లేకపోతే మీరు సుఖపడతారు" అన్న మాట విన్నవారు దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయరాదు. ఒంటరిగా వదలక, ఆ రాత్రే సహాయం కోరాలి.

ఇంటివారు చేయవలసింది

తండ్రి రెండుసార్లు అప్పు తీర్చారు. ప్రేమతోనే తీర్చారు. అయితే వైద్యుడు ఆయనతో అన్న మాట మాకు ఆయనే చెప్పారు: "మీరు తీర్చినది వాడి అప్పు కాదండీ. మరుసటి పందానికి పెట్టుబడి." ఓడితే నాన్న ఉన్నాడన్న ధీమా, గెలుస్తానన్న ఆశకంటె బలమైనదట. అయితే మొత్తం బాకీలు గాలికి వదలాలని కాదు. ఎవరికి ఎంత అన్నది ఒక్క కాగితంమీద పూర్తిగా వ్రాయించాలి. ఏదీ దాచకూడదు. తరువాత అతని జీతంనుండే నెలనెలా కొద్దికొద్దిగా తీరే ఏర్పాటు చేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముప్పైయవ సెక్షను ప్రకారం పందెంలో గెలిచిన సొమ్ముకోసం కోర్టులో దావా చెల్లదు. కాని జూదానికని చెప్పకుండా బ్యాంకునుండీ స్నేహితులనుండీ తెచ్చిన అప్పు అప్పే. ఈ తేడా ఒక వకీలు దగ్గర తెలుసుకోవడం మంచిది.

దమయంతి చేసిన పని మరొకటి ఉన్నది. ఆట ఇంకా సాగుతుండగానే, ఇక ఆగేది కాదని గ్రహించి, పిల్లలిద్దరినీ వార్ష్ణేయుడి రథంమీద పుట్టింటికి పంపించివేసింది. భర్తను విడువలేదు, పిల్లలను మాత్రం ఆపదనుండి తప్పించింది. నేటి ఇల్లాలికి దీని అర్థం ఏమంటే, ఇంటి పత్రాలు, బంగారం, పిల్లల చదువు డబ్బు అతని చేతికి అందని చోట ఉంచడం ద్రోహం కాదు. అట్లాగని రాత్రింబవళ్లు జేబులు వెదికే పోలీసు పని ఆమె నెత్తిన పెట్టరాదు. ఆమెకూ మనసు విప్పి చెప్పుకునే మనిషి కావాలి. వైద్యుడు ఆమెను కూడా పిలిచి మాట్లాడాలి. మాట్లాడకపోతే తానే అడగాలి.

చట్టమూ, వైద్యుడూ

1967లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంమీద ఆధారపడిన ఆట అన్నది. ఆ మాటను అనేకులు అడ్డం పెట్టుకున్నారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చట్టానికి ముఖ్యం. అప్పులలో మునిగిన ఇంటికి కాదు. తమిళనాడులో 2003లో, కర్ణాటకలో 2007లో లాటరీలు నిషేధించారు. డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలకు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అడ్డుకట్ట వేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది. మంచిదే. కాని చట్టం తలుపు మూయగలదు; లోపలి ఆరాటాన్ని తీయలేదు. దానికి వైద్యుడే కావాలి.

బెంగుళూరు నిమ్హాన్స్ లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉన్నది. సెల్‌ఫోనుకూ ఆటలకూ బానిసలైనవారికోసం 2014లో షట్ క్లినిక్ అనే విభాగం కూడా అక్కడ ఆరంభించారు. చెన్నై కీల్పాకులోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, బరంపురం వైద్య కళాశాల, యానాం వారికి దగ్గరి కాకినాడ వైద్య కళాశాల, ఇట్లా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎక్కడికి పోవాలో తోచనప్పుడు 14416కు ఫోను చేయవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్. రాత్రింబవళ్లు పలుకుతుంది, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. కన్నడమో తమిళమో బాగా వచ్చినవారికి కూడా కష్టం చెప్పుకునేటప్పుడు అమ్మభాషే వస్తుంది గదా.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాము. మూడో అప్పు బయటపడినప్పుడు కోడలు మామగారికి అడ్డం నిలిచింది. "ఈసారి కట్టవద్దు మామయ్యా, ఆసుపత్రికి పదండి" అన్నది. పదకొండు వారాలు వెళ్లారు. నాలుగు నెలలు బాగున్నాడు. అయిదో నెలలో జారి, ఒక్క రాత్రిలో పద్ధెనిమిది వేలు పోగొట్టాడు. ఈసారి దాచలేదు, తెల్లవారి తానే భార్యకు చెప్పాడు. ఇట్లా జారడం ఈ జబ్బులో సాధారణమేననీ, అది ఓటమి కాదనీ, ఎక్కడ జారాడో చూసుకొని మళ్లీ నడవవలసిందేననీ వైద్యుడు అన్నాడు. అప్పటినుండి రెండేళ్లు దాటింది. అప్పు ఇంకా తీరలేదు. కాసులపేరు ఇంకా తాకట్టులోనే ఉన్నది. అతని చేతిలో మాటలకు మాత్రమే పనికివచ్చే చిన్న ఫోను ఉన్నది.

క్రిందటి శివరాత్రికి దంపతులిద్దరూ మన సంఘ మందిరానికి వచ్చారు. అతడు పిల్లలచేత వైకుంఠపాళి ఆడించి, అందరికీ కాఫీ పంచాడు. ఆ రాత్రి మందిరంలో పేకముక్కలు తీయలేదు. తెల్లవారుజామున ఆ అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "కాఫీ తీసుకోండి, బాబాయిగారూ" అన్నది. తీసుకున్నాము.

పెళ్లి ఒక మందు అని మేము ఇకమీదట ఎవరికీ చెప్పము. చదువరులు కూడా చెప్పవద్దని మా ప్రార్థన.